ఆల్రెడీ అనలేని తల్లి

సికింద్రాబాద్ చిలకలగూడలో మా ఫ్లాట్‌లో ముందు గది నాది, వెనక బాల్కనీ మా ఆయనది. ఉద్యోగాల నుంచి రిటైరయ్యాక ఇంటిని ఇలా పంచుకున్నాం. ఆయన రైల్వేలో చేశారు, నేను బడిలో ఇంగ్లీషు చెప్పాను. ఇద్దరమూ కోస్తా నుంచి వచ్చినవాళ్ళమే, జుట్టు మాత్రం ఇక్కడే తెల్లబడింది. ఊరికే కూర్చుంటే రోజంతా ఒకరినొకరు సరిదిద్దుకుంటూ బతకాల్సి వస్తుందని భయం వేసి, పెద్దవాళ్ళకు ఇంగ్లీషు నేర్పుతానని గేటుకు ఒక చిన్న బోర్డు తగిలించాను. ఇప్పుడు సరిదిద్దడానికి నాకు వేరేవాళ్ళు దొరుకుతున్నారు. అప్పటి నుంచే తన బీపీ తగ్గిందని మా ఆయన వచ్చినవాళ్ళందరికీ చెబుతారు.

నేను చెప్పే పాఠాల్లో నాకు బాగా ఇష్టమైంది ఒకటుంది. జరిగిపోయిన పనిని ఇప్పటితో ముడిపెట్టి చెప్పే క్రియలు ఇంగ్లీషులో ఉంటాయి కదా, హావ్ ఈటెన్, హాజ్ గాన్ లాంటివి. వాటిని పర్ఫెక్ట్ టెన్స్ అంటారు. గైడ్లలో ఆ క్రియల గురించి పేజీలకు పేజీలు నింపుతారు. వాటి పక్కన నిలబడే చిన్న మాటల గురించి మాత్రం నాలుగు ముక్కలు రాసి చేతులు దులుపుకుంటారు. జస్ట్, ఆల్రెడీ, యెట్, ఎవర్, నెవర్. నన్నడిగితే ప్రాణమంతా వీటిలోనే ఉంది. ‘తిన్నాను’ అంటే తిన్నట్టు తెలుస్తుంది, అంతే. ‘ఇప్పుడే తిన్నాను’ అంటే మళ్ళీ పెట్టొద్దని. ‘అప్పుడే తినేశాను’ అంటే మీరు అడగడం ఆలస్యమైందని. ‘ఇంకా తినలేదు’ అంటే వడ్డించమని. క్రియ పని సంగతి చెప్పి ఊరుకుంటుంది, మనిషి సంగతి చెప్పేది పక్కనున్న చిన్న మాటే.

ఆల్రెడీ అనే మాట రానివాళ్ళు మా సికింద్రాబాద్‌లో లేరు. అందరూ తెలుగులోనే వాడేస్తారు, అదీ ఎక్కువగా కసురుకోవడానికి. ‘ఆల్రెడీ చెప్పిన గద’ అంటాడు ఆటో ఆయన. ‘ఆల్రెడీ లేటైంది’ అంటుంది పనిమనిషి, తనే ఆలస్యంగా వచ్చి. దాన్ని వాక్యం మొదట్లో పెట్టి ఎదుటివాళ్ళ మొహాన విసురుతారు. ఇంగ్లీషులో దాని చోటు అది కాదని చెప్పడానికి నేను లోకల్ రైలు సీటును వాడుకుంటాను. ఇద్దరు కూర్చున్న సీటు దగ్గరికి మూడో మనిషి వచ్చి ‘జెర జరుగుండ్రి’ అని మధ్యలో సర్దుకున్నట్టు, ఆల్రెడీ వచ్చి హావ్‌కీ అసలు క్రియకీ నడుమ కూర్చుంటుంది. జస్ట్ కూడా అక్కడే కూర్చుంటుంది, నెవర్ కూడా అక్కడే. యెట్ ఒక్కటే లోపలికి రాకుండా వాక్యం చివర తలుపు దగ్గర నిలబడిపోతుంది. ఇలా చెబితే క్లాసులో నవ్వుతారు, నవ్వితే మరిచిపోరు.

గత ఏడాది వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం బోయిన్‌పల్లి నుంచి ఒకామె వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. తరాలుగా అక్కడే ఉంటున్న కుటుంబం. భర్తకు కూరగాయల మార్కెట్‌లో టమాటాల దుకాణం ఉంది. మార్కెట్ తెల్లవారకముందే మొదలై మధ్యాహ్నానికి సద్దుమణుగుతుంది. భర్త భోంచేసి నిద్రపోయే ఆ వేళలోనే ఆమెకు ఇల్లు కదలడానికి వీలు. ఆమె చెయ్యి పట్టుకుని ఒక ఆడపిల్ల ఉంది. నాలుగో ఏడు నడుస్తోంది. పిల్ల సన్నగా ఉంది, కళ్ళు మాత్రం పెద్దవి. చెంప మీద కాటుక చుక్క, మెడలో నల్లతాడు, గౌను పైకి లేచినప్పుడు చూస్తే మొలకు ఇంకో నల్లతాడు. చెప్పులు విప్పినప్పుడు అరికాలిలో కూడా ఒక చుక్క ఉంది.

“మేడం, నాకు ఇంగ్లీష్ మొత్తం వద్దు. బడిల అడిగిన దానికి జవాబు చెప్పేటంత వస్తే చాలు,” అంది.

సంగతి ఏమిటంటే, వాళ్ళ ఇంటికి దగ్గరలోనే ఒక బడి ఉంది. ఎల్కేజీలో చేర్చుకునే ముందు అక్కడ తల్లిదండ్రులను పిలిచి మాట్లాడతారు. దాన్ని ఇంటర్వ్యూ అనరు, ఇంటరాక్షన్ అంటారు. పేరు మార్చినంత మాత్రాన భయం తగ్గదు కదా. మాట్లాడేదంతా ఇంగ్లీషులోనే. భర్తకు ఇంగ్లీషు రాదు, పైగా తెల్లవారుజామున లేచే మనిషి కాబట్టి ఏసీ గదిలో కుర్చీలో కూర్చోబెడితే నిద్రపోతాడని ఆమె భయం. జవాబు చెప్పాల్సింది ఆమే.

“వేరే బడులు లేవా అమ్మా? తెలుగులో మాట్లాడేవాళ్ళు ఎక్కడైనా ఉంటారుగా,” అన్నాను.

“ఉన్నయి మేడం. అన్నిటికి బస్సే ఎక్కాలె. ఇది మా సందు మలుపు తిరిగితే వస్తది. బిడ్డకేమన్న అయితే చెప్పులు లేకుండ సుత ఉరుకొచ్చు.”

పిల్లను బడికి పంపే తల్లి బడి గురించి చెప్పాల్సిన మొదటి మాట ఇదేనా అని నాకు చిరాకేసింది. కానీ ఆమెకు ఆ సీటు ఎంత అవసరమో ఆ ఒక్క మాటతో తెలిసింది. ఫీజు సంగతి మాట్లాడుకుని, వారానికి మూడు మధ్యాహ్నాలు రమ్మన్నాను.

బుర్ర చురుకైన మనిషి. ఇంటర్‌ వరకు తెలుగు మీడియంలో చదివిందట. పెళ్ళయ్యాక పుస్తకం పట్టలేదట. అయినా ఒకసారి చెబితే పట్టేసేది. సీటు మధ్య సర్దుకునే మాట సంగతి చెప్పగానే నవ్వి, వెంటనే సొంతంగా వాక్యాలు అల్లడం మొదలుపెట్టింది. భర్త టమాటాలన్నీ ఆల్రెడీ అమ్మేశాడు. అత్తగారు జస్ట్ నిద్ర లేచింది. ఆమె ఎన్నడూ, అంటే నెవర్, విమానం ఎక్కలేదు. జస్ట్ వేయాల్సిన చోట ఆల్రెడీ వేసే అలవాటు నా దగ్గర బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్ళకే ఇంకా పోలేదు. ఈమె తడుముకోలేదు. అందులోనూ యెట్ అంటే ఆమెకు ప్రాణం. ‘నాట్ యెట్’ అని ఒక్క ముక్కలో జవాబు చెప్పవచ్చని నేర్పిన రోజు ఆమె మొహం విప్పారింది. పెద్ద వాక్యం కట్టలేకపోయినా బతికిపోవచ్చని సంతోషమేమో అనుకున్నాను.

మేం పాఠం చెప్పుకుంటుంటే పిల్ల బోర్డు కింద చాప మీద కూర్చునేది. నా మార్కర్ల మూతలు తీసి వరసగా పేర్చేది. తల్లి చెప్పిన ప్రతి వాక్యాన్నీ పెదాలతో తనూ అంటుండేది, శబ్దం లేకుండా. అల్లరి లేదు, ఏడుపు లేదు. నాకు అంత బుద్ధిగా కూర్చునే పెద్దవాళ్ళు కూడా దొరకరు.

నెల గడిచాక నేను బడి మేడంలా కుర్చీలో నిటారుగా కూర్చుని, ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి ఇంటరాక్షన్ అభ్యాసం మొదలుపెట్టాను. హాజ్ షి లెర్న్‌ట్ ద కలర్స్ అని అడిగాను.

“నాట్ యెట్, మేడం,” అంది, మంచి ఉచ్చారణతో.

ఆ క్షణంలో పిల్ల నా పక్కకు వచ్చి ఎర్ర మూత చేతిలో పెట్టి “రెడ్” అంది. నీలం మూత పెట్టి “బ్లూ” అంది.

అంకెలు వచ్చా అని అడిగాను. నాట్ యెట్. పాటలు? నాట్ యెట్. తన చేత్తో తను అన్నం తింటుందా? నాట్ యెట్, మేడం. అంతకుముందు వచ్చిన రోజే ఆ పిల్ల మా ఇంట్లో ఉప్మా గిన్నె ఊడ్చి తిన్నది నేను కళ్ళారా చూశాను. అంకెలు నేను కూడా విన్నాను, ఇరవై దాకా తడబడకుండా చెబుతుంది.

“ఆల్రెడీ వాడమ్మా ఇక్కడ. షి హాజ్ ఆల్రెడీ లెర్న్‌ట్ ద కలర్స్. అను.”

అనలేదు. మళ్ళీ చెప్పాను. చీర అంచు సర్దుకుంది, కిటికీ వైపు చూసింది, నీళ్ళు తాగింది, అనలేదు. పక్కింటి పిల్ల గురించి చెప్పమన్నాను. పక్కింటి పిల్ల ఆల్రెడీ రంగులన్నీ నేర్చుకుంది, ఆల్రెడీ రెండు పాటలు నేర్చుకుంది. గడగడా చెప్పింది. సొంత కూతురి దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ నాట్ యెట్. నాకు ఒళ్ళు మండింది.

“ఇలా చెబితే మీ అమ్మాయికి ఏమీ రాదని అనుకుంటారు. సీటు రాదు. తెలుస్తోందా? పిల్లకు అన్నీ వచ్చి, నీ నోటివల్ల పోతుంది సీటు.”

బాల్కనీలో పేపరు చదువుతున్న మా ఆయన అక్కడి నుంచే గొంతు ఎత్తారు. “నువ్వు గ్రామర్ పట్టుకుని వేలాడకు. ఆ అమ్మాయి దిష్టికి భయపడుతోంది. పిల్ల ఒంటి మీద అన్ని నల్లచుక్కలు కనిపిస్తుంటే నీకు తట్టలేదా?”

తట్టలేదు. నాకు కాటుక చుక్కలంటే పట్టింపు లేదు కాబట్టి వాటి గురించి ఆలోచించే అలవాటూ లేదు. మా వైపు కూడా సొంత పిల్లల్ని సొంత నోటితో మెచ్చుకోరు. ఎవరైనా మెచ్చుకుంటే ‘ఏం బాగో, అన్నం ముట్టదు’ అంటారు. ఆ మాటను మర్యాదలో జమ వేసుకోవచ్చు. ఈమెది మర్యాద కాదని ఆమె మొహం చూస్తేనే తెలుస్తోంది. అందుకే అభ్యాసం ఆపి, టీ పెట్టి, ఏమిటమ్మా అని అడిగాను. టీ గ్లాసు చేతుల్లో తిప్పుతూ చెప్పింది.

పెళ్ళయిన చాలా ఏళ్ళకు నిలిచిన కడుపు. పిల్ల ఏడో నెలలోనే పుట్టింది. దవాఖానలో గాజుపెట్టెలో పెట్టారు. “చూడొచ్చిన ప్రతి ఒక్కరు ‘అప్పుడే పుట్టిందా’ అన్నరు మేడం. మీరు ఆల్రెడీ అంటే అప్పుడే అని చెప్పిన్రు గద, నాకు ఆ మాట పడదు.” ఇంట్లోవాళ్ళు రోజూ పొద్దున ఫోన్ చేసి, ఏమైనా అయిందా అని అడిగేవారట. ఏమైనా అంటే ఏమిటో అడిగేవాళ్ళకూ తెలుసు, ఈమెకూ తెలుసు. ‘ఇంక ఏం కాలే’ అని చెప్పి ఫోన్ పెట్టేసేదట. ఆ మాట చెప్పగలిగిన రోజల్లా బిడ్డ ఉన్నట్టే. ఒకరోజు బంధువుల్లో ఒకామె వచ్చి, అద్దంలోంచి చూసి, ‘మంచిగనే ఉంది గద, పాలు సుత తాగుతున్నది, ఇగ పరేషాన్ ఎందుకు’ అంది. ఈమె కూడా నవ్వి, అవును బాగా తాగుతోంది అంది.

“అదే రోజు సాయంత్రం ఊపిరి ఆగింది మేడం. మళ్ళ మిషన్ పెట్టిన్రు. మళ్ళ మొదటినుంచి షురూ అయింది.” గ్లాసు కింద పెట్టింది. “గప్పటి సంది నా బిడ్డ గురించి మంచి మాట నా నోట్లెకెళ్ళి రాలే. మొక్కుకున్న దేవుని ముంగట సుత అనలే.”

నాకు దిష్టి మీద నమ్మకం లేదు. నెలలు నిండని పిల్లలకు ఊపిరి అలా ఆగుతుందని, దానికీ పాల మాటకూ సంబంధం లేదని నేను చెప్పగలను. చెప్పాను కూడా. ఆమె శ్రద్ధగా విని, అవును మేడం అంది. డాక్టరు కూడా అదే చెప్పాడట. నాకు ఆ పూట చాలా దిగులేసింది. ఎవరో చెప్పి తీసేయగల భయం కాదది.

మా ఆయన మాత్రం పట్టు వదల్లేదు. బాల్కనీ నుంచి లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

“చూడమ్మా, నువ్వు చెప్పేది ఇంగ్లీషులో కదా. దిష్టికి ఇంగ్లీషు రాదు. ధైర్యంగా చెప్పేసెయ్.”

ఆమె మొదటిసారి గట్టిగా నవ్వింది. “గట్లెట్ల అంకుల్. మాది కంటోన్మెంట్ గద, తెల్లదొరలున్న జాగ. అక్కడ దిష్టికి సుత ఇంగ్లీష్ వస్తది.”

నలభై ఏళ్ళ కాపురంలో ఆయన నోరు మూయించిన మనిషిని నేను అప్పుడే చూశాను. కానీ ఆ నవ్వుతో పని జరగలేదు. తర్వాత వచ్చిన ప్రతి మధ్యాహ్నమూ నేను అదే ప్రశ్న అడిగాను, ఆమె అదే జవాబు చెప్పింది. ఒకరోజు బతిమాలాను, ఒకరోజు కోప్పడ్డాను. పోనీ మధ్యేమార్గంగా షి ఈజ్ స్టిల్ లెర్నింగ్ అను, ఇంకా నేర్చుకుంటోంది అని, అందులో గొప్ప లేదు, అబద్ధమూ లేదు అన్నాను. దాన్ని ఒప్పుకుంది. ఇంటికి వెళ్ళేలోపు అదీ మరిచిపోయింది. సీటు కావాలనే ఆశ ఆమెను వారానికి మూడుసార్లు బస్సెక్కించి మా ఇంటికి తెస్తోంది. ఆ సీటును తెచ్చిపెట్టే మాట మాత్రం ఆమె నోటికి రావడం లేదు. ఇంటరాక్షన్ ముందురోజు ఆమె ఫోన్ చేసినప్పుడు, నీ ఇష్టం తల్లీ, నీకు ఏది తోస్తే అది చెప్పు అన్నాను. విసుగుతోనే అన్నాను, ఆశ వదిలేసి.

ఆ మర్నాడు మధ్యాహ్నం కింద ఆటో ఆగింది. ముగ్గురూ పైకి వచ్చారు. భర్త ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పిల్లకు కొత్త గౌను. కూర్చోమంటే ఆమె కూర్చోలేదు. ఏమైంది అంటే భర్త వైపు చూసింది. అతను నవ్వాలో వద్దో తెలియనట్టు ఉన్నాడు.

ఇద్దరూ కలిసి చెప్పింది ఇది. లోపల ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. మర్యాదగా మాట్లాడింది. రంగులు వచ్చా అంది. నాట్ యెట్. అంకెలు వచ్చా అంది. నాట్ యెట్. ఇంతకుముందు ప్లేస్కూల్‌కు ఎప్పుడైనా వెళ్ళిందా అంది. నాట్ యెట్. అది ఒక్కటి నిజమే. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుని, ఇక తల్లిని అడిగి లాభం లేదనుకుందేమో, పిల్ల వైపు వంగి నవ్వుతూ హావ్ యు హాడ్ యువర్ బ్రేక్‌ఫాస్ట్ అని అడిగింది.

పిల్ల నెలల తరబడి నా బోర్డు కింద కూర్చుని విన్న మాట ఒకటే. గొంతు విప్పి స్పష్టంగా చెప్పింది. “నాట్ యెట్, మేడం.”

“ఆమె పెన్ను ఆపి నా దిక్కు చూసింది మేడం,” అంది ఆమె. “ఎట్ల చూసిందంటే, పొద్దుగాల బిడ్డకు ఏం పెట్టకుండ తీస్కొచ్చిన తల్లిని చూసినట్టు చూసింది.”

దానికి మాత్రం ఆమె తట్టుకోలేకపోయింది. బిడ్డకు ఏమీ రాదనుకుంటే అనుకోనీ, సీటు పోతే పోనీ. బిడ్డను పస్తుపెట్టిందని ఒకరు అనుకోవడమా. ఏం అంటున్నదో తనకే తెలియకుండా కుర్చీలోంచి లేచి నిలబడింది. నో మేడం, షి హాజ్ ఆల్రెడీ ఈటెన్, అంది. షి హాజ్ ఆల్రెడీ ఈటెన్ టూ ఇడ్లీస్. షి హాజ్ జస్ట్ హాడ్ మిల్క్. అక్కడితో ఆగితే బాగుండేది, ఆగలేదు. నా బిడ్డ కంచంలో ఎన్నడూ అన్నం వదలలేదు, నెవర్ అంది. రంగులన్నీ ఆల్రెడీ నేర్చుకుంది. ఇరవై దాకా ఆల్రెడీ నేర్చుకుంది. మూడు పాటలు ఆల్రెడీ నేర్చుకుంది. ఒక్క మాటా చోటు తప్పలేదు.

“నేను సుత లేచిన మేడం గప్పుడు,” అన్నాడు భర్త. అంటే అప్పటిదాకా నిద్రపోతున్నాడన్నమాట. “ఏం మాట్లాడుతున్నదో నాకు సమజ్ కాలే. మస్తు మాట్లాడింది. పెద్దమేడం పెన్ను కింద పెట్టి వింటనే ఉన్నది.”

సీటు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. వచ్చింది. తర్వాతి వారం బడి వాళ్ళు ఫోన్ చేసి ఫీజు కట్టమన్నారు. కానీ ఆ మధ్యాహ్నం మా గదిలో నిలబడ్డ మనిషికి సీటు గుర్తే లేదు. బడి గేటు దాటగానే తను ఏమందో గుర్తొచ్చిందట. ఇంటికి వెళ్ళకుండా ఆటోను నేరుగా చిలకలగూడకు తిప్పమందట.

“నా నోటితోనే అన్న మేడం. బాగ తింటదని సుత అన్న. ఇన్నేండ్లల్ల అనలేదు.” పిల్లను ముందుకు నెట్టింది. “మీరు దిష్టి తీయుండ్రి.”

“నేనా? మీ అత్తగారు తీస్తారుగా.”

“మాటలు నేర్పింది మీరు. మీ మాటలే అన్న. మీరే తీయాలె.”

ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పాను, నేర్పిన మాటకు పూచీ పడమని ఎవరూ అడగలేదు. మా ఆయన పేపరు మడిచి, ఏం చేస్తానా అని చూస్తున్నారు. వంటింట్లోకి వెళ్ళి రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు పిడికిట్లోకి తీసుకున్నాను. మా అమ్మ ఇలాంటప్పుడు ఏవో మాటలు అనేది. అవి నాకు పూర్తిగా రావు, రాని మాటలు అనడం నాకు ఇష్టం ఉండదు. ఏమీ అనకుండానే పిల్ల తల చుట్టూ తిప్పాను. పిల్ల నా చెయ్యి ఎటు పోతే అటు కళ్ళు తిప్పింది. పాత ఇనపమూకుడు పొయ్యి మీద పెట్టి, పిడికిలి అందులోకి విప్పాను.

ఉప్పు చిటపటలాడింది. మిరపకాయలు కదలకుండా పడి ఉన్నాయి. ఘాటు లేదు.

దిష్టి గట్టిగా తగిలి ఉంటే మిరపకాయలు కాల్చినా ఘాటు రాదంటారు. అందరికీ తెలిసిన సంగతే. వంటింటి గుమ్మంలో ఆమె మూకుడునే చూస్తూ నిలబడి ఉంది. భర్త మొహంలో నవ్వు పోయింది. నాకు తెలుసు, మూకుడు మందం, అడుగున మంట సన్నగా ఉంది, ఇంకాసేపు పడుతుంది. అన్నీ తెలిసి కూడా రావే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆమెకు వీపు చేసి నిలబడి మంట పూర్తిగా పెంచి, అట్లకాడతో మిరపకాయల్ని మూకుడుకేసి అదిమాను.

వచ్చింది. గుప్పుమని పొగ లేచి నాకే ముందు పొర పోయింది. తర్వాత భర్త దగ్గాడు. బాల్కనీలోంచి మా ఆయన, చంపేస్తారా ఏమిటి అని కేకేసి దగ్గడం మొదలుపెట్టారు. పిల్ల వరసగా తుమ్మి, తన తుమ్ములకు తనే నవ్వింది. ఆమె గుమ్మం పట్టుకుని దగ్గుతూనే ఉంది, కళ్ళలోంచి ముక్కులోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడం లేదు. దగ్గు కాస్త తెరిపి ఇచ్చాక పిల్లను ఎత్తుకుని నా దగ్గరికి వచ్చింది.

“ఘాటొచ్చింది మేడం.”

“వచ్చిందమ్మా.”

“ఇగ నా బిడ్డ బతికినట్టేనా?”

పొయ్యి ఆపాను. నాలుగేళ్ళుగా ఈ తల్లి ఈ ప్రశ్న ఎవరినీ అడగలేదు. మా వంటింట్లో, పొగలో నిలబడి నన్ను అడుగుతోంది.

“బతికినట్టే ఏమిటి,” అన్నాను. “బతికింది. ఎప్పుడో బతికింది నీ కూతురు.”

ఆమె పిల్లను ఇంకా దగ్గరికి పొదువుకుంది.

“ఇంకొక్కసారి అనుండ్రి మేడం,” అంది.

అన్నాను.